మనుషులు మాత్రమే నడిచే తారు బాట రెండు వానాకాలాలకే ఎందుకు పగులుతుంది?

మా నెల్లూరులో మేం రోజూ నడిచే చెరువుకట్ట మీద వాకింగ్ ట్రాక్ పని మొదలైన రోజు అక్కడే ఉన్నాను. జేసీబీ గాడి తవ్వుతా ఉంటే మా గుంపులో ఉండే రిటైర్డ్ మాస్టారు నిలబడి చూసి, "ఏందయ్యా, మనుషులు నడిచేదానికి ఇంత లోతు తవ్వాలా? దీనిమీద లారీలు పోతాయా ఏంది?" అన్నారు. ఆ రోజు మాకందరికీ అది న్యాయమైన ప్రశ్నే అనిపించింది. గేటు నుంచి తూము దాకా తవ్వారు, తూము దాటాక "ఇక్కడ నేల గట్టిగానే ఉంది" అని పాత గ్రావెల్ మీదే తారు పోసి రోలర్ తిప్పేశారు. రెండు వానాకాలాలు గడిచాయి. తూము దాటాక బాట పొడుగునా చెయ్యి దూరేంత పగుళ్లు. తవ్విన వైపు మధ్యలో బాగానే ఉంది కానీ గేటు దగ్గర అంచులు బిస్కెట్ ముక్కల్లా ఊడిపోయాయి.

ఇప్పుడు ఏ ఊళ్లో చెరువు బాగుచేస్తామన్నా, పార్కు కడతామన్నా ముందు వాకింగ్ ట్రాకే అడుగుతున్నారు. దానితోపాటు వాదనలూ మొదలవుతాయి. తారు వద్దు సిమెంటే మేలని ఒకరు, మోకాళ్లకి తారే మంచిదని ఇంకొకరు, అసలు మట్టి బాట చాలని మరొకరు. మాస్టారు అడిగిన ప్రశ్నకి జవాబు దొరికితే ఈ వాదనల్లో సగం చిక్కులు విడిపోతాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

తారు అని మనం పిలిచేది ఏంటి

అసలైన తారు బొగ్గు నుంచి వచ్చేది. ఇప్పుడు రోడ్లకి వాడేది బిటుమెన్, పెట్రోలియం శుద్ధి చేశాక అడుగున మిగిలే చిక్కటి నల్లటి పదార్థం. పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది, నేనూ తారనే రాస్తాను. బిటుమెన్‌ని వేడిచేసి కంకర, క్రషర్ డస్ట్‌తో కలిపితే వచ్చే మిశ్రమం అస్ఫాల్ట్, బాట మీద పరిచే ఈ మిశ్రమాన్నీ తారనే అంటాం. ఇందులో బిటుమెన్ బరువు నూటికి 5, 6 పాళ్లే, మిగతాదంతా రాయి. బిటుమెన్ ఆ రాళ్లని పట్టి ఉంచే జిగురు.

ఈ జిగురుకీ రకాలున్నాయి. వీజీ-10, వీజీ-30, వీజీ-40 అని ఎస్టిమేట్లలో కనిపించేవి అవే, అంకె పెరిగేకొద్దీ చిక్కదనం ఎక్కువ. మన ఎండలకి మామూలుగా వాడేది వీజీ-30. పరీక్షలో ఇది 47 డిగ్రీల కంటే తక్కువ వేడికి మెత్తబడకూడదని భారత ప్రమాణం. మే నెలలో నల్లటి తారు పైభాగం 60 డిగ్రీలు దాటగలదు, మరి బాట కరిగి పారదా అంటే పారదు, లోపల రాయి రాయికి ఆనుకుని బరువు మోస్తుంది కాబట్టి. కానీ బండి సైడ్ స్టాండ్ వేసిన చోట రూపాయి బిళ్లంత గుంట పడడం అందరం చూసినదే. బరువంతా ఒకే చుక్క మీద పడితే రాళ్లు పక్కకి జరుగుతాయి.

బలం నలుపులో లేదు, కింద ఉంది

నడక బాటని కోసి చూస్తే పైనుంచి 3, 4 సెంటీమీటర్ల తారు, దాని కింద ఓ జానెడు మందాన రోలింగ్ చేసిన కంకర లేదా గ్రావెల్, ఆ కింద అణగదొక్కిన సొంత నేల ఉండాలి. కంకర మీద తారు అతుక్కోడానికి ముందుగా చల్లే పల్చటి ఎమల్షన్‌ని (నీళ్లలో కలిపిన బిటుమెన్‌ని) ప్రైమ్ కోట్ అంటారు. పైనున్న 3, 4 సెంటీమీటర్ల తారు తనంతట తాను ఏ బరువూ మోయలేదు. కింద ఉన్నది కదలకుండా ఉంటే అదీ ఉంటుంది, కదిలితే అదీ పగులుతుంది. ఇది సరిగ్గా లేని బాటకి "పైన పటారం, లోన లొటారం" అన్న మాట అక్షరాలా సరిపోతుంది.

కింద కదిలేది నేల. మా అక్కవాళ్లది ఒంగోలు, వాళ్ల ఇంటి వెనక స్థలం నల్లరేగడి. ఏప్రిల్ వచ్చేసరికి ఆ నేల నెర్రెలిచ్చి, పిల్లల బంతి పడితే చెయ్యి పెట్టి తీసుకోవాల్సొస్తుంది. నవంబరులో అదే నేల నీళ్లు తాగి ఉబ్బి మెత్తటి ముద్దవుతుంది. ఈ ఉబ్బడం, కుంగడం ప్రతి ఏడూ జరుగుతుంది. దాని మీద తారు వేస్తే బాట మధ్యలో నేలకి పైన మూత ఉన్నట్టే కాబట్టి తేమ పెద్దగా మారదు, అంచుల కింద మాత్రం ఎండకి ఎండుతుంది, వానకి నానుతుంది. మధ్య కదలక, అంచు లేచి పడుతుంటే ఆ రెండిటి నడుమ పొడుగునా పగులు వస్తుంది. మా కట్ట మీద తూము దాటాక ఉన్న పగుళ్లు అచ్చం ఇలాంటివే. ఎప్పుడో పూడిక తీసినప్పుడు చెరువులోని నల్లమట్టి తెచ్చి కట్ట మీద పోశారని తర్వాత తెలిసింది. పైన ఉన్న గ్రావెల్‌ని చూసి గట్టి నేల అనుకున్నారు.

నల్లరేగడి మీద బాట అసలు వేయకూడదని కాదు. పై మట్టిని కొంత లోతు తీసేసి ఉబ్బని గ్రావెల్ నింపుతారు, లేదంటే సున్నం కలిపి ఉబ్బే గుణం తగ్గిస్తారు. రెండూ ఖర్చే, పైగా పని పూర్తయ్యాక కంటికి కనబడని ఖర్చు. సముద్రం వైపు, మైపాడు కొత్తపట్నం పక్క ఇసుక నేలల్లో ఈ బాధ లేదు. అక్కడ చిక్కు వేరు, ఇసుక ఉబ్బదు కానీ పక్కన ఆధారం లేకపోతే జారిపోతుంది, నీళ్లు పారితే కొట్టుకుపోతుంది.

లక్ష పాదాలకంటే ఒక ట్యాంకర్ బరువెక్కువ

మనుషులు నడవడం వల్ల తారు బాట పాడవదు. రొట్టెల పండక్కి మా స్వర్ణాల చెరువు దగ్గరికి లక్షల మంది వస్తారు, అన్ని పాదాలు తొక్కినా సరిగ్గా వేసిన బాటకి ఏమీ కాదు. పాడుచేసేది ఆ బాట మీదికి ఎప్పుడో ఒకసారి ఎక్కే బండి.

1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటిమీద లారీలు తిప్పి పెద్ద పరీక్ష చేశారు. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకి జరిగే నష్టం అదే లెక్కన పెరగదనీ, సుమారుగా నాలుగో ఘాతంలో పెరుగుతుందనీ అందులో తేలింది. చిన్న కారు ఒక్కో ఇరుసు మీద అర టన్ను అనుకుందాం. మొక్కలకి నీళ్లు పోసే ట్రాక్టర్ ట్యాంకర్‌లో 5,000 లీటర్లు పడితే నీళ్లే 5 టన్నులు, ఆ ట్రైలర్ ఇరుసు మీద 5 టన్నులు వేసుకుందాం. బరువు 10 రెట్లు. నష్టం 10ని నాలుగుసార్లు గుణించినంత, అంటే 10,000 రెట్లు. ట్యాంకర్ ఇరుసు ఒక్కసారి దాటితే కారు ఇరుసు పదివేలసార్లు దాటినట్టన్నమాట. ఇది రోడ్ల మీద చేసిన ఉజ్జాయింపు లెక్క, పల్చటి నడక బాటకి దెబ్బ ఇంకా గట్టిగా తగలొచ్చు.

మా గేటు దగ్గర అంచులు ఊడింది దీనివల్లే. వారానికి రెండుసార్లు ట్యాంకర్ వచ్చి అక్కడే మలుపు తిరుగుతుంది, ఒక పక్క చక్రం సరిగ్గా తారు అంచు మీద నడుస్తుంది. అంచుకి బయటి వైపు ఆనుకునేదేమీ లేదు కాబట్టి ముందు విరిగేది అదే. అందుకే కింద కంకర పొరని తారు కంటే రెండు పక్కలా ఓ జానెడు, ఆపైన వెడల్పుగా పోస్తారు, లేదా అంచున రాయి పాతుతారు.

ప్లాన్ వేసేటప్పుడు "ఇది మనుషులకే కదా" అని మందం తగ్గించడం పొదుపులా కనిపిస్తుంది. కానీ మొక్కలకి నీళ్లు పోయాలి, లైటు మార్చాలి, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అంబులెన్స్ లోపలికి రావాలి. ఏదో ఒక బండి వచ్చి తీరుతుంది. ఎస్టిమేట్ వేసేవాళ్లు ఆ బండి ఏదో ముందే రాసుకుని, దాని దారి వరకైనా కింద పొర మందంగా వేయాలన్న వాదనలో నాకైతే న్యాయం కనిపిస్తుంది.

బండ్లు తిరగకపోవడమూ ఒక సమస్యే

నాకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఇది. రద్దీ రోడ్డు మీద తారుని చక్రాలు రోజూ నొక్కుతూ పిసుకుతూ ఉంటాయి, చిన్నచిన్న సందులు మూసుకుపోతుంటాయి. నడక బాట మీద ఆ నొక్కుడు లేదు. సందుల్లోంచి గాలి, వాన, ఎండ లోపలికి పోయి బిటుమెన్‌ని ఏళ్లకొద్దీ ఎండబెడతాయి, జిగురు పెళుసవుతుంది, నలుపు పోయి బూడిద రంగొస్తుంది, ఆ తర్వాత పగుళ్లు మొదలవుతాయి. పెద్ద రోడ్లకి రాసిన మిశ్రమాన్నే తెచ్చి నడక బాటకి పోస్తే అది అరిగి పాడవదు, ఎండి చస్తుంది. నడక బాటలకి బిటుమెన్ పాలు కాస్త పెంచి, సందులు తగ్గించి, చిన్న కంకరతో కలపడం మేలని ఇంజనీర్లు చెప్పేది ఇందుకే.

ఇంకొకటి తుంగ. మా కట్ట మీద ఒకచోట తారు కుంకుడుకాయంత బుడిపెలా లేచింది. వారానికి అది నక్షత్రంలా చీలింది. ఆ తర్వాత మధ్యలోంచి సూదిలాంటి ఆకుపచ్చ పోచ బయటికొచ్చింది. చేలో తుంగ ఎంత మొండిదో రైతులకి చెప్పక్కర్లేదు, గడ్డ కింద ఉంటే పల్చటి తారునీ చీల్చుకుని వస్తుంది. పై మట్టిని గడ్డలతో సహా తీయకుండా పైపైన చెక్కేస్తే ఇదే జరుగుతుంది.

ఒక కిలోమీటరు బాటకి లెక్క

బాట పొడవు కిలోమీటరు, వెడల్పు రెండున్నర మీటర్లు, తారు మందం రోలింగ్ అయ్యాక 40 మిల్లీమీటర్లు అనుకుందాం. విస్తీర్ణం 2,500 చదరపు మీటర్లు, దాన్ని 0.04తో గుణిస్తే 100 ఘనపు మీటర్ల తారు. ఘనపు మీటరుకి సుమారు 2.3 టన్నులు, అంటే 230 టన్నుల మిక్స్. అందులో బిటుమెన్ 12, 13 టన్నులు. టిప్పర్‌కి 15 టన్నుల చొప్పున పదిహేను, పదహారు టిప్పర్లు రావాలి. అదే మందం 30 మిల్లీమీటర్లకి దిగితే 170 టన్నుల చిల్లరే, దాదాపు నాలుగు టిప్పర్లు తక్కువ. పైనుంచి చూస్తే రెండు బాటలూ ఒకేలా ఉంటాయి, తేడా ఎంబుక్‌లోనూ (పని కొలతలు రాసే పుస్తకం) కాటా చీటీల్లోనూ మాత్రమే తెలుస్తుంది.

మందానికీ కంకర సైజుకీ కూడా లంకె ఉంది. పొర మందం అందులోని పెద్ద కంకర సైజుకి మూడు రెట్లయినా ఉండాలన్నది సాధారణ నియమం. 13 మిల్లీమీటర్ల కంకరకి 40 మిల్లీమీటర్ల పొర సరిపోతుంది. 19 మిల్లీమీటర్ల కంకర వేసి 25 మిల్లీమీటర్లకి పరిస్తే రాళ్లు ఒకదాని పక్కన ఒకటి కుదురుకోడానికి చోటుండదు, రోలర్ కింద ఈడ్చుకుపోతాయి, పైన గరుగ్గా ఉండి మొదటి ఏడాదే రాళ్లు లేచిపోతాయి.

పల్చటి పొరకి ఇంకో శత్రువు చల్లారడం. ప్లాంటులో మిక్స్ 150, 160 డిగ్రీల దగ్గర తయారవుతుంది. సుమారు 90 డిగ్రీలకి దిగేలోపు రోలింగ్ అయిపోవాలి, ఆ తర్వాత ఎంత తొక్కించినా అణగదు. మందమైన పొర వేడిని పట్టి ఉంచుతుంది, పల్చటిది నిమిషాల్లో చల్లబడుతుంది. దీనికి తోడు సన్నటి బాట మీదికి తారు పరిచే పెద్ద యంత్రం, పేవర్, దిగదు, చాలాచోట్ల మనుషులే పారలతో, రేకులతో పరుస్తారు. అట్లా పరుస్తుండగా టిప్పర్‌లో మిగిలిన మిక్స్ మీద పట్టా కప్పి ఉందా లేదా అన్న చిన్న సంగతి కూడా బాట ఆయుష్షుని మారుస్తుంది.

కంకర రకం గురించి కూడా ఒక మాట. బిటుమెన్ అన్ని రాళ్లనీ ఒకేలా అంటుకోదు. సిలికా ఎక్కువ ఉన్న రాళ్ల మీద పట్టు తక్కువ, నీళ్లు తగిలితే జిగురు వదిలేసే స్వభావం ఉంటుంది. మన చీమకుర్తి గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు కానీ భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి, ఆ జాతి రాళ్ల మీద సాధారణంగా పట్టు బాగుంటుంది. క్వారీల దగ్గర గుట్టలుగా పడి ఉన్న వేస్టు బ్లాకులు బాట అంచున పాతే రాళ్లుగానూ పనికొస్తాయి.

నీళ్లు ఎటు పోవాలి

2021 నవంబరులో పెన్నాకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద మట్టి లేకుండా పోయింది. అంత రోడ్డునే నీళ్లు అట్లా చేస్తే నడక బాట ఎంత. నిజానికి దానికి వరద కూడా అక్కర్లేదు, నిలిచిన నీళ్లు చాలు.

బాటని ఒక పక్కకి నూటికి 2 పాళ్లు వాలుగా వేస్తారు. రెండున్నర మీటర్ల వెడల్పుకి అది 5 సెంటీమీటర్లు. నడిచేవాళ్లకి తెలియదు, నీళ్లకి తెలుస్తుంది. వాలు ఎక్కువైతే చక్రాల కుర్చీ పక్కకి లాగేస్తుంది, కాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఒక కాలు పల్లంలో వేసి నడిచినట్టుంటుంది.

మామూలు నేల మీద వాలు ఎటున్నా ఫరవాలేదు. చెరువుకట్ట మీద అట్లా కుదరదు, ఎందుకంటే కట్ట అంటే మట్టితో కట్టిన డ్యామే. నీళ్లు పొలాల వైపు జారితే ఆ వైపు వాలు కోతపడి కట్టకే ముప్పు, అందుకని సాధారణంగా కట్ట పైభాగాన్ని చెరువు వైపుకే వాలుగా పెడతారు. నీడ కోసం కట్ట మీద పెద్ద చెట్లు నాటమని అందరం అడుగుతాం, నేనూ అడిగాను. నీటిపారుదల ఇంజనీర్లు ఒప్పుకోరు. చెట్టు పడినా చచ్చినా దాని వేర్లు కుళ్లి మట్టిలో గొట్టాల్లాంటి దారులు మిగులుతాయి, వాటిల్లోంచి చెరువు నీళ్లు ఊరడం మొదలైతే కట్ట తెగేదాకా పోవచ్చు. తారు వేయడం మీద కూడా వాళ్లకి ఒక అభ్యంతరం ఉంది, మట్టి కట్టకి బీట వస్తే కంటికి కనబడుతుంది, తారు కప్పేస్తే ఆలస్యంగా తెలుస్తుంది. నీడ కావాలనేవాళ్ల మాటా నిజమే, ఏప్రిల్‌లో ఎనిమిదింటికే మాడు పగిలే ఎండ. కట్ట దిగువన, దాని అడుగుకి దూరంగా చెట్లు పెంచడం మధ్యేమార్గం. నీడ బాట మీదికి రావడానికి ఏళ్లు పడుతుంది, అయినా నాకు అదే సరైనదనిపిస్తుంది.

తారా, సిమెంటా, పేవర్ బ్లాకులా, మట్టేనా

మోకాళ్ల వాదన ముందు చూద్దాం. సిమెంటు కాంక్రీటు తారు కంటే బిరుసైనది, అది నిజం. కానీ నడిచే మనిషి పాదం కింద రెండూ కదలవనే చెప్పాలి, కుదుపుని తీసుకునేది చెప్పులూ, బూట్లూ, మన కాళ్ల కండరాలే. నిజంగా మెత్తగా ఉండేది మట్టి బాట. మోకాళ్ల కోసమే అయితే పోటీ మట్టికీ మిగతావాటికీ మధ్య. మట్టి బాట చవక, చల్లన, వాన నీళ్లు ఇంకుతాయి. వానాకాలం మూడు నెలలు మాత్రం బురద, జారుడు, చక్రాల కుర్చీకి దారే ఉండదు.

వేడి సంగతికొస్తే తారు ఓడిపోతుంది. కొత్త తారు తన మీద పడ్డ ఎండలో నూటికి 90 పాళ్లకి పైగా పీల్చుకుంటుంది, కొత్త సిమెంటు మూడోవంతు, కాస్త పైగా వెనక్కి కొడుతుంది. తెల్లవారుజామున నడిచేవాళ్లకి ఈ తేడా పెద్దగా తెలియదు, సాయంత్రం ఐదింటికి పిల్లల్ని తీసుకొచ్చే అమ్మలకి తెలుస్తుంది.

సిమెంటు ఎక్కువ కాలం నిలుస్తుంది కానీ నల్లరేగడి మీద పలకలు ఎగుడుదిగుడై కాలు తట్టుకుంటుంది, బాగుచేయాలంటే పలకే పగలగొట్టాలి. పేవర్ బ్లాకులు ఎత్తి మళ్లీ పరుచుకోవచ్చు, కింద పైపు వేయాల్సొచ్చినా అతుకు కనబడదు, కానీ సందుల్లో గడ్డి, కుంగిన చోట గతుకులు. తారు అతుకుల్లేకుండా సాఫీగా ఉంటుంది, నేల కొద్దిగా కదిలితే తానూ కొద్దిగా వంగుతుంది. నీళ్లు ఇంకే తారు కూడా ఉంది, దాని సందుల్లోంచి వాన నేరుగా కిందికి దిగుతుంది, అయితే మన దుమ్ముకీ బంకమట్టికీ ఆ సందులు పూడిపోకుండా తరచూ శుభ్రం చేసే ఏర్పాటు లేకపోతే పెట్టిన డబ్బు వృథా.

గేటు దగ్గర తెగని చిక్కు

వెడల్పు విషయంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల మార్గదర్శకాలు కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలంటాయి, ఎదురెదురుగా రెండు చక్రాల కుర్చీలు దాటుకునేంత. ముగ్గురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడిచే మన అలవాటుకి రెండున్నరైనా కావాలి.

గేటులో బైకులు దూరకుండా స్తంభాలు పాతమంటారు. చక్రాల కుర్చీ సులువుగా పోవాలంటే సందు 90 సెంటీమీటర్లుండాలి. బైకు హ్యాండిల్ వెడల్పు మామూలుగా 80 సెంటీమీటర్ల లోపే. కుర్చీ పోయే సందులో బైకూ పోతుంది, బైకుని ఆపే సందు కుర్చీనీ ఆపుతుంది. మా దగ్గర సందు తగ్గించారు. బైకులు ఆగాయి, రోజూ వాళ్ల నాన్నని కుర్చీలో తోసుకొచ్చే అబ్బాయీ ఆగిపోయాడు.

వాన ఎప్పుడు, పని ఎప్పుడు

నెల్లూరు జిల్లాకి ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది, ప్రకాశం కోస్తా మండలాలకీ ఆ వానలే ముఖ్యం. తడి నేల మీద కంకర అణగదు, తడి కంకర మీద తారు అంటుకోదు. ఫిబ్రవరి నుంచి మే దాకా వేసిన బాటకి మొదటి ముసురులోపు కుదురుకునే సమయం ఉంటుంది. టెండర్లు, బిల్లులు ఆలస్యమై సెప్టెంబరు ఆఖరుకి పని మొదలైతే మబ్బు చూసుకుంటూ వేయాల్సొస్తుంది, అప్పుడు తొందర, టెన్షన్, అన్నీ.

మొన్న అక్టోబరులో రాత్రంతా వాన పడి తెల్లారేసరికి వెలిసింది. మాస్టారు, నేను గొడుగులు పట్టుకుని ట్రాక్ మీదికి పోయాం. వాన ఆగి గంట దాటినా నీళ్లు నిలిచిన చోటల్లా ఆయన జేబులోంచి ఐదు రూపాయల బిళ్ల తీసి నిలబెట్టి చూశారు. మూడుచోట్ల సగానికి పైగా మునిగింది. మూడూ చెరువు వైపే, అంచు రాయిని తారు కంటే రెండు వేళ్లు ఎత్తుగా పాతి, నీళ్లు పోడానికి సందు వదలని చోట్లే.